కడుపులోని మెలి – దానిని సడలించు మాత్రలు



ఇట్టి మహాసభలలో విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, యువజనుల యుద్యోగములను గూర్చియు ఉపన్యసించుట పరిపాటి. ప్రేగులను గూర్చి మాటలాడినవారు నా యెఱుకలో లేరు. విషయము సభామర్యాదకుఁ దగినది కాదని కొందఱికిఁ దోఁపవచ్చును. కాని నేఁడు మన యిండ్లలో బీరువా అరలోనో, ఆఁడువారి చేతిసంచిలోనో, ప్రయాణమున కేఁగు పెద్దల జేబులోనో ఒక చిన్న మాత్రల షీటు తఱచుగాఁ గనఁబడుచున్నది. కడుపులో మెలిపెట్టిన తోడనే యొకటి మ్రింగుదురు. అది యేమి మాత్రయో, ఎవరికిఁ దగునో, ఎవరికిఁ దగదో అడుగువారు అరుదు. అడుగవలెనన్న నొప్పిని గూర్చి చెప్పవలెను, నొప్పిని గూర్చి చెప్పవలెనన్న విరేచనముల మాట యెత్తవలెను, అది సిగ్గు. కొట్టువానికి సిగ్గుపడక చీటీ లేకయే మాత్ర కొనువారు, వైద్యుని యెదుట నోరు మెదపరు. ఇదియే నా యుపన్యాసమునకుఁ గారణము. నేను వైద్యుఁడను గాను. సంస్కృతము చదివి బడిలోఁ బాఠము చెప్పుకొనినవాఁడను. గ్రంథములు చదివి గ్రహించినదానిని మనవి చేయుదును. మీ వైద్యుఁడు మిమ్ముఁ బరీక్షించి చెప్పునది నా మాట కంటెఁ బ్రమాణము.

ఆంగ్లవైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనియు, సంక్షేపముగా ఐ.బి.ఎస్. అనియు వ్యవహరించు వ్యాధి యొకటి కలదు. తెలుఁగులో దానికి స్థిరపడిన పేరు లేదు. ప్రకోపశీలములైన ప్రేగుల జాడ్య మనుకొందము. కడుపునొప్పి, ఉబ్బరము, ఒకనాఁడు విరేచనములు, మఱునాఁడు మలబద్ధము, దొడ్డికిఁ బోయి వచ్చినను పూర్తి కాలేదను భావము – ఇవి దీని లక్షణములు. 2016లో నిపుణులు రోమ్ నియమములను నాలుగవ పర్యాయము సంస్కరించి, దీనిని నిర్ణయించుట కొక కొలఁత యేర్పఱచిరి. గడచిన మూఁడు మాసములలో వారమునకు సగటున నొకనాఁడైనను నొప్పి యుండవలెను. ఆ నొప్పికి మలవిసర్జనముతోడను, దాని సంఖ్యలోఁ గాని స్వరూపములోఁ గాని వచ్చిన మార్పుతోడను సంబంధముండవలెను. వ్యాధి మొదలై ఆఱు మాసములైనను గడచియుండవలెను. ఒకనాఁటి పెండ్లిభోజనము తరువాతి బాధ ఈ వ్యాధి కాదని దీనివలననే తెలియుచున్నది.

ఈ వ్యాధిలోని చిక్కేమన, గొట్టము దింపి చూచినను, చిత్రములు తీసినను ప్రేగులలో పుండు గాని, వాపు గాని, గడ్డ గాని కనఁబడదు. అందుచేత ఇంటివారు "నీ కేమియు లేదఁట" అందురు. ఇది గొప్ప యన్యాయము. వీణకుఁ దంత్రి తెగకుండఁగనే శ్రుతి చెడవచ్చును గదా! ఇది క్రొత్తగాఁ బుట్టిన నాగరక వ్యాధి యనుటయుఁ బొరపాటే. ఒకే మనుష్యునియందు మలబద్ధమును, ద్రవవిరేచనమును మాఱిమాఱి వచ్చుటను కమ్మింగ్ అను ఆంగ్ల వైద్యుఁడు 1849లోనే వ్రాసి, దానికి సమాధానము దొరకక యాశ్చర్యపడెను.

ఇఁక మన ప్రాచీనుల మాట. చరకసంహిత చికిత్సాస్థానమున పదునైదవ యధ్యాయము గ్రహణీదోషమునకు సంబంధించినది. అన్నమును పట్టి నిలిపి, పక్వమైన పిదప విడుచు స్థానము గాన దానికి గ్రహణి యని పేరు. అది దుర్బలమైనపుడు మలము ఒకపరి బద్ధముగను, ఒకపరి ద్రవముగను వెలువడునని చెప్పఁబడినది. వాగ్భటుఁడు అష్టాంగహృదయమున దీనిని ఎనిమిది మహారోగములలోఁ జేర్చెను. దీనినిఁ జూపి, "ఐ.బి.ఎస్. అనఁగా మన గ్రహణియే" యని తేల్చివైచువారు గలరు. నేనంత సాహసింపఁజాలను. గ్రహణి యను పేరిలో నేఁడు వేఱువేఱుగా నెన్నఁబడు పెక్కు వ్యాధులు ఇమిడియున్నవి. వానిలోఁ గొన్నింట ప్రేగుల పొరయే చెడును. పేరు కలసినంతమాత్రమున వ్యాధి కలియదు. ఐనను చరకుఁడు అతిసార ప్రకరణమున వాతాదులతోపాటు భయమువలనఁ బుట్టునది, శోకమువలనఁ బుట్టునది యని రెండు భేదములను వేఱుగా లెక్కించుట మాత్రము నన్నెంతయు నాకర్షించినది. ప్రేగుల గోడలలో పది కోట్లకుఁ బైబడిన నాడీకణములు గలవనియు, అవి మెదడుతో నిరంతరము సంభాషించుచుండు ననియు నేఁటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఐ.బి.ఎస్. గలవారిలో ఈ సంభాషణము తప్పుదారి పట్టును. సామాన్యముగాఁ దెలియరాని వాయువు కదలికయే వారికి నొప్పియై తోఁచును.

పరీక్షల గదులలో నేనిది కన్నులారఁ జూచితిని. ఒక బాలుఁడు ప్రశ్నపత్రము చేతికిచ్చిన పావుగంటకు బయటికిఁ బోవుట కనుమతి యడిగెను, మరల నడిగెను, మూఁడవసారి యడుగఁగా గదిలోని మఱియొక పర్యవేక్షకుఁడు కాపీచీటీలు దాఁచినాఁడని జేబులు తడవెను. దొరికినది మాత్రల షీటు. పిల్లవాఁ డవమానముతో నేడ్చెను. మన వసతిగృహమున నున్న యువకులలోను ఇట్టివా రుందురు. వారిని సోమరులనియు, నెపములు చెప్పువారనియు నెంచవలదని వార్డెనుగారికి ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను.

భయశోకములే కారణములని గూడ ననుకొనరాదు. కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములోని వాకర్టన్ అను చిన్న పట్టణమున 2000వ సంవత్సరము మే నెలలో త్రాగునీరు కలుషితమై రెండువేలకుఁ బైబడిన జనులు వాంతివిరేచనములపాలైరి. వైద్యులు వారిని ఏండ్లతరబడి వెంబడించి చూడఁగా, ఆనాఁడు జబ్బుపడినవారిలో, పడనివారి కంటె ఐ.బి.ఎస్. హెచ్చుగాఁ గనఁబడెను. మంచినీటి కుళాయి మాట మున్సిపాలిటీవారిదే యని యూరకుండు పెద్దలు దీనిని దలపోయఁదగును.

ఇఁక మాత్రల విషయము. ప్రేగులలోని కండరములు అలలవలె వరుసగా ముడుచుకొని సడలుచు ఆహారమును ముందునకుఁ ద్రోయును. ఈ ముడుపు గట్టిపడి సడలక నిలిచినచో మెలిపెట్టినట్లు నొప్పి కలుగును. ఆ పట్టును సడలించునవే యాంటీస్పాస్మోడిక్ మాత్రలు. ఇవి యన్నియు నొకే జాతివి కావు. కండరమును ముడువుమని నాడి పంపు సందేశమును అడ్డుకొనునవి కొన్ని. డైసైక్లోమిన్, హయోసిన్ బ్యూటైల్ బ్రోమైడ్ అనునవి యిట్టివి. కండరముమీఁదనే నేరుగాఁ బనిచేయునవి కొన్ని; మెబెవెరిన్, డ్రోటావెరిన్ ఇట్టివి. హయోసిన్ అను ద్రవ్యము మన పొలముగట్ల మొలచు ఉమ్మెత్తయందును గలదు. మందుల కంపెనీలు దానిని ఆస్ట్రేలియా దేశపు డుబోయిసియా చెట్టు ఆకులనుండి తీసి, మెదడున కెక్కకుండునట్లు మార్చి, 1950 దశకపు ఆరంభమున జర్మనీ దేశమున మాత్రగాఁ దెచ్చిరి. ఈ మాట విని యెవ్వరును ఉమ్మెత్త జోలికిఁ బోవలదు, అది ప్రాణాంతకము. డ్రోటావెరిన్, గసగసాల మొక్క పాలలో దొరకు పాపావెరిన్‌కు దాయాది. ఐనను దానిలో మత్తు లేదు.

ఈ మాత్రలు వ్యాధిని కుదుర్పవు. నొప్పిని, పట్టును కొంతసేపు సడలించును; అంతే. ఆ మాత్రము మేలునుగూడ వైద్యసంఘము లేకముఖముగా నొప్పుకొనలేదు. 2021లో బ్రిటన్ దేశపు జీర్ణకోశ వైద్యసంఘమువారు కొన్ని యాంటీస్పాస్మోడిక్ మాత్రలు నొప్పికి ఉపకరింపవచ్చు ననిరి. అదే యేఁట అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల కళాశాలవారు తమ దేశమున దొరకు అట్టి మాత్రలను వాడకుండుటయే మేలని సూచించి, పుదీనాజాతి నూనెను మాత్రము మెచ్చుకొనిరి. ఒకే శాస్త్రమును చదివినవారిలో నీ భేద మేల? పూర్వపు పరీక్షలు పెక్కు చిన్నవి, లోపములు గలవి. ఒక దేశమున దొరకు మందు మఱియొక దేశమున దొరకదు. మీమాంసకులును, నైయాయికులును వాదించుకొనినట్లు వీరును వాదించుకొనుచున్నారు. మన కిందుండి తెలియవలసిన దేమన, ఒకరికిఁ బనిచేసిన మాత్ర వేఱొకరికిఁ బనిచేయకపోవుట వింత గాదు. కొన్ని వారములు వాడి చూచి, గుణము లేనిచో వైద్యునితోఁ జెప్పి మానివేయవలెను గాని, ఒకటి చాలలేదని రెండు, రెండు చాలలేదని మూఁడు మ్రింగరాదు.

ఈ వ్యాధి స్వభావమును దెలుపు చిత్రమైన పరీక్ష యొకటి 2010లో ప్రకటింపఁబడినది. అమెరికాలో టెడ్ కాప్చుక్ అను నాచార్యుఁడును, అతని సహచరులును 80 మంది ఐ.బి.ఎస్. రోగులను రెండు తెగలుగాఁ జేసి, ఒక తెగకు మందు లేని యుత్తమాత్రల నిచ్చిరి. "వీనిలో మందు లేదు" అని ముందే చెప్పియిచ్చిరి. మూఁడు వారములకు ఆ మాత్రలు తిన్నవారిలో నూటికి 59 మందియు, తిననివారిలో నూటికి 35 మందియుఁ దగినంత యుపశమనము గలిగెననిరి. ఇది విని "అట్లయిన నొప్పియంతయు భ్రమ" యనువారుందురు. నా కట్లు తోఁపదు. శ్రద్ధగా విని, నెమ్మదిగాఁ జెప్పి, క్రమముగాఁ జూచు వైద్యుని మాటయే కొంత యౌషధమనియే దీని తాత్పర్యమని నా యభిప్రాయము.

వాడు విధ మిది. ఈ మాత్రలు భోజనమునకు ముందు వేసికొనఁదగినవి. ఏలయన, భోజనానంతరమే ప్రేగుల కదలిక హెచ్చును. మెబెవెరిన్ సాధారణముగా 135 మిల్లీగ్రాముల మాత్ర, దినమునకు మూఁడు మార్లు, భోజనమునకు ఇరువది నిమిషములు ముందు. బాధ హెచ్చిన దినములలో వాడి, నెమ్మదించిన పిదప మానుట మంచిది. పుదీనానూనె గొట్టములను నమలక మ్రింగవలెను. పైపొర ప్రేగులలోఁ గరగుటకే యేర్పడినది. నమలినచో గుండెలో మంట పుట్టును. పుదీనా పచ్చడి తిన్న నదే ఫలమని యెంచరాదు. పచ్చడి రుచికి బాగు.

ఈ సభలో నా యీడువారు పెక్కుమంది యున్నారు గాన, ఇచ్చట నొక్క నిమిషము నిలిచి చెప్పెదను. నాడీసందేశమును అడ్డుకొను మాత్రలు ప్రేగులలోనే పనిచేసి యూరకుండవు. నోరెండును, చూపు మసకబారును, గుండె వడిగాఁ గొట్టుకొనును, మలబద్ధము హెచ్చును. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులకు మూత్రము బిగియును. అర్ధరాత్రమున ఆసుపత్రికిఁ బరుగెత్తవలసి వచ్చును. నీటికాసులను కంటిజబ్బు గలవారిలోఁ గొందఱికిఁ గంటిలోని యొత్తిడి హఠాత్తుగాఁ బెరుగవచ్చును. ముదుసలులకు మతిభ్రమమును గలుగవచ్చును. అమెరికా దేశపు వృద్ధవైద్యసంఘమువారు, వృద్ధులకుఁ దగనివని యెంచిన మందుల పట్టికలో డైసైక్లోమిన్‌ను జేర్చియున్నారు. ఇంకొకటి మన దేశమునకు ముఖ్యమైనది. ఈ జాతి మాత్రలు చెమటను తగ్గించును. చెమట పట్టనిదే శరీరము చల్లబడదు. రోహిణికార్తె యెండలో డైసైక్లోమిన్ వేసికొని పొలమునకో, పెండ్లికో పోయినవారికి వడదెబ్బ భయము హెచ్చు. ఆఱు నెలలు నిండని శిశువులకు డైసైక్లోమిన్ ఈయనే కూడదు. కడుపునొప్పితో నేడ్చుచున్నాఁడని చుక్కలు పోయు నలవాటు మన యమ్మమ్మలు మానవలెను. మెబెవెరిన్‌కు ఈ దోషములు తక్కువ. కావున వృద్ధులు వైద్యునితో దానిని గూర్చి ప్రస్తావింపవచ్చును.

కొట్టులో "కడుపునొప్పి బిళ్ళ" యని యడిగినచో నిచ్చునది పలుమార్లు ఒకే మందు గాదు, రెండు మందుల కలగూర. సైక్లోపామ్ అను మాత్రలో డైసైక్లోమిన్‌తో పారాసెటమాల్ గలదు. మెఫ్తాల్-స్పాస్ అనుదానిలో డైసైక్లోమిన్‌తో మెఫెనమిక్ ఆమ్లము గలదు. ఈ రెండవది స్త్రీల నెలసరి నొప్పికిఁ బ్రసిద్ధము. దానినే కడుపులో నే నొప్పి వచ్చినను వాడుచున్నారు. మెఫెనమిక్ ఆమ్లము జీర్ణకోశపుఁ బొరను రేఁపును, మూత్రపిండములకును బరువు. అరుదుగా నైనను, చర్మముపైఁ దద్దురులు, జ్వరము, లోని యవయవముల వాపుతోఁ గూడిన తీవ్రమైన ప్రతిక్రియ దానివలనఁ గలుగవచ్చునని 2023 సంవత్సరాంతమున మన దేశపు ఫార్మకోపియా కమిషన్‌వారు హెచ్చరించిరి. ఒకవైపు పట్టు సడలించుచు, వేఱొకవైపు పొరను రేఁపు మాత్రను నెలలతరబడి తినుట యెట్టి చికిత్సయో మీరే యూహింపుఁడు. షీటు వెనుక సన్నని యక్షరములలో మందుల పేర్లుండును. కన్నులు కనఁబడనివారు మనుమలచేతఁ జదివించుకొనవచ్చును. దూరమునుండి ఒక్క బొమ్మ తీసి చరవాణిలో వైద్యునికిఁ బంపుట నేఁడు కష్టము గాదు.

అన్నింటికంటెను నన్ను భయపెట్టునది మఱియొకటి. మాత్ర నొప్పిని సడలించును గాని, నొప్పికిఁ గారణ మేమో దానికిఁ దెలియదు. నా బంధువర్గములో నొక యిల్లాలు రెండేండ్లు కడుపునొప్పికిఁ గొట్టు మాత్రలతోఁ గాలము గడపెను. రక్తము పడుచున్న మాట కోడలితోఁ గూడఁ జెప్పలేదు. మొలలని తనకుఁ దానే నిశ్చయించుకొనెను. పాలిపోఁగా ఇనుపధాతువు మందు కొని త్రాగెను. తుదకు మెట్లెక్కలేక కూలఁబడిన పిదపఁ గాని పెద్దప్రేగులోని పుట్టకుఱుపు బయటపడలేదు. శస్త్రచికిత్స జరిగినది, చికిత్స యింకను సాగుచున్నది. ఈ మాట సభలోఁ జెప్పుమని యామెయే నన్ను గోరినది.

కావున మలములో రక్తము, కోరకయే బరువు తగ్గుట, రక్తహీనత, జ్వరము, నిద్రనుండి లేపు విరేచనములు, ఏఁబదియేండ్లు దాఁటిన పిదపఁ గ్రొత్తగా మొదలైన మార్పు, వంశములో పెద్దప్రేగు క్యాన్సరు – వీనిలో నేదియున్నను ముందుగా వైద్యుని యొద్దకుఁ బోవలెను. మాత్ర తరువాతి మాట. కడుపు బిగుసుకొని, వాంతులగుచు, వాయువును వెడలకున్నచో, లేక నొప్పి కుడివైపు క్రిందికి దిగి హెచ్చుచున్నచో, ఇంటిలో మాత్ర వేసికొని వేచియుండుట కంటెఁ బ్రమాదము లేదు. ప్రేగు అడ్డుపడినవారికి ఈ మాత్రలు నిషిద్ధములు.

పాశ్చాత్యదేశములలో ఐ.బి.ఎస్. రోగులలో స్త్రీలే హెచ్చుగాఁ గనఁబడుదురు. మన దేశపు ఆసుపత్రుల లెక్కలలోఁ బురుషులు హెచ్చు. మన స్త్రీల ప్రేగులు వేఱుగాఁ జేయఁబడలేదు గదా! వారు వైద్యుని గడప తొక్కకుండుటయే దీనికి ముఖ్యకారణమని నేను దలంచుచున్నాను.

పథ్యమును గూర్చి కొంచెము. ఇసబ్‌గోలు ఊక ఈ వ్యాధిలో మేలు చేయును. గుజరాతులోని ఊంఝా విపణి దీనికి ప్రసిద్ధము. కొంచెముతో నారంభించి నీరు దండిగాఁ ద్రాగవలెను. పీచు మంచిదని గోధుమతవుడు తిన్నచో నుబ్బరము హెచ్చవచ్చును. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమువారు, ప్రేగులలోఁ బులిసి వాయువు పుట్టించు పదార్థములను కొన్ని వారములు మాని, పిదప నొక్కొక్కటిగాఁ దిరిగి తిని పరీక్షించు పద్ధతి నేర్పఱచిరి. వారి పట్టికలో వరియన్నము నిర్దోషి. ఉల్లి, వెల్లుల్లి, పాలు, శనగలు, గోధుమ దోషులు. మన కందిపప్పును మితమునకు లోఁబడవలసినదే. ఇది చూచి జీవితాంతము అన్నియు మానివైచి కృశించువారు గలరు. అది పద్ధతి కాదు. ఏది తనకుఁ బడదో తెలిసికొనుటయే దాని ప్రయోజనము.

మాత్రలతోను, పథ్యముతోను గుణము లేనివారికి వైద్యులు అల్పప్రమాణమున అమిట్రిప్టిలిన్ అను మందు వ్రాయుదురు. "అది పిచ్చివాండ్ర మందు" అని చీటీ చింపివైచినవారిని నే నెఱుఁగుదును. ఇంగ్లండులో 463 మంది రోగులతో జరిపి 2023లోఁ బ్రకటించిన పరీక్షలో ఆ మందు స్వల్పమోతాదులో ఐ.బి.ఎస్.కు నిజముగా నుపకరించినట్లు తేలినది. మందు పేరు చూచి కాక, అది యెందుకు వ్రాయఁబడినదో యడిగి తెలిసికొనుట మేలు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. వసతిగృహమునకు నెలకొకసారి వచ్చుచున్న వైద్యునితోఁ బాటు, స్త్రీవైద్యురాలి నొకతెను గూడఁ బిలిపించి, బాలికల గదులవైపు వేఱుగాఁ గూర్చుండఁబెట్టినచో వ్యయము పెద్దది గాదు. దాతలలో నొకరు ఇదివఱకే తలయూఁచిరి. వారి పేరు చెప్పవలదని యాజ్ఞ. ఇఁక నేఁటి మధ్యాహ్నభోజనమున, వెనుకటి పంక్తిలో ఉల్లియు వెల్లుల్లియు లేని వంటకములును, పాలు చేరని తీపియు వడ్డింప వంటవారికిఁ జెప్పియుంచితిమి. ఆ పంక్తిలోఁ గూర్చుండువారిని కారణ మడుగవలదని వడ్డనవారికిని జెప్పితిమి.